ఈడెన్ గార్డెన్స్‌లో పట్టేది ఎంతమంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

*ప్రశ్న: ఈడెన్‌లో లక్షమంది పడతారని మా నాన్నగారు అంటారు. క్విజ్ పుస్తకంలో 66 వేలు అని ఉంది. టీవీలో 68 వేలు అన్నారు. పోటీ పరీక్షలో ఏది పెట్టాలి?*
– ఒక పాఠకురాలు, విజయనగరం

పరీక్షలో 68 వేలు పెట్టండి. ఆప్షన్లలో అది లేకపోతే 66 వేలు. మీ నాన్నగారి మాటా అబద్ధం కాదు, కాకపోతే ఆయన చెబుతున్నది 2011కు ముందున్న ఈడెన్.

1987 ప్రపంచకప్ ఫైనల్ దక్కడంతో గ్యాలరీలను బాగా పెంచారు. అప్పటి నుంచి పాతికేళ్లపాటు సామర్థ్యం లక్షకు అటూ ఇటూగా చెప్పేవారు. 2011 ప్రపంచకప్‌కు మళ్లీ పని పెట్టి, చాలాచోట్ల సిమెంటు మెట్లు, బల్లలు ఉన్న దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో బకెట్ సీటు, అంటే వీపు ఆనించుకునే విడి కుర్చీ, బిగించారు. దాంతో అంకె ఒక్కసారిగా మూడోవంతు పడిపోయింది. స్టేడియం చిన్నదైపోయిందా అని చాలామంది అడిగారు. స్థలం అంతే ఉంది, మనిషికిచ్చే జాగా పెరిగింది.

లెక్క వేస్తే తేలిపోతుంది. లెక్క కోసం 30 మీటర్ల పొడవు, 16 మీటర్ల లోతు ఉన్న ఒక బ్లాకును అనుకుందాం. ఇవి ఈడెన్ కొలతలు కావు, లెక్కకు వీలుగా తీసుకున్నవి. పాత పద్ధతిలో మెట్టు వెడల్పు 65 సెంటీమీటర్లు ఉంటే 24 వరుసలు వస్తాయి. బల్ల మీద జనం సర్దుకుని కూర్చుంటే మనిషికి 42 సెంటీమీటర్లు చాలు, వరుసకు 71 మంది. మొత్తం 1,704. ఇప్పుడు అదే బ్లాకులో బకెట్ సీట్లు వేయండి. ముందు సీటు వెనకభాగం మోకాలికి తగలకుండా ఉండాలంటే మెట్టు 80 సెంటీమీటర్లు కావాలి, వరుసలు 20కి దిగుతాయి. మధ్యలో 1.2 మీటర్ల దారులు రెండు వదలాలి, మిగిలేది 27.6 మీటర్లు. సీటుకు 50 సెంటీమీటర్ల చొప్పున 55 సీట్లు. మొత్తం 1,100. అంటే వందకు 65. లక్షను 65 శాతం చేసి చూడండి, క్విజ్ పుస్తకం అంకె దరిదాపుల్లోకి వస్తారు.

66, 68 మధ్య తేడా మరో రకం. బిగించిన కుర్చీలన్నీ అమ్మకానికి రావు. సైట్‌స్క్రీన్ (బ్యాటర్‌కు బంతి స్పష్టంగా కనిపించేందుకు పెట్టే తెర) పైన ఉన్న సీట్లు, కెమెరా అరుగుల వెనకవి, ప్రెస్ వాళ్లవి, పోలీసులు ఖాళీగా ఉంచమన్న వరుసలు తీసేస్తే టికెట్ల సంఖ్య తగ్గుతుంది. మొత్తం సీట్లు, అమ్మిన టికెట్లు, ఆరోజు గేటు దాటిన మనుషులు వేర్వేరు అంకెలు. వార్తల్లో ఈ మూడూ కలిసిపోతుంటాయి. 'స్టేడియం నిండిపోయింది' అనే వాక్యం చూడగానే విలేకరి సామర్థ్యాన్నే హాజరుగా రాసేశాడేమోనని ఒకసారి అనుమానించడం మంచిది.

*ప్రశ్న: ఇంతకీ ఈడెన్ ఎవరు? మైదానం ఎప్పటిది?*
– ఒక విద్యార్థి, చీపురుపల్లి

1836 నుంచి 1842 వరకు గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ ఆక్లండ్ ఇంటిపేరు ఈడెన్. ఆయన అక్కచెల్లెళ్లు ఎమిలీ, ఫానీల మీదుగా హుగ్లీ ఒడ్డున ఉన్న తోటకు ఆ పేరు వచ్చింది. బైబిల్ ఏదెను తోటతో సంబంధం లేదు. తోటలో ఇప్పటికీ ఒక బర్మా పగోడా ఉంది, 1850ల్లో ప్రోమ్ పట్టణం నుంచి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. మ్యాచ్‌కు వెళ్లేవాళ్లలో దాన్ని చూసేవాళ్లు తక్కువ.

మైదానం పుట్టిన సంవత్సరంగా 1864ను చెబుతారు. మనదేశంలో ఇప్పటికీ అంతర్జాతీయ మ్యాచ్‌లు జరుగుతున్న క్రికెట్ మైదానాల్లో ఇదే పాతది. అయితే దేశంలో మొదటి టెస్టు ఇక్కడ కాదు, 1933 డిసెంబరులో బొంబాయి జింఖానాలో జరిగింది. ఈడెన్‌కు రెండోది దక్కింది, 1934 జనవరి 5 నుంచి 8 వరకు. ఇంగ్లండ్ కెప్టెన్ డగ్లస్ జార్డిన్, మన కెప్టెన్ సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టినా తెలుగు కుటుంబమే. వికెట్ కీపర్ దిలావర్ హుస్సేన్ తలకు దెబ్బ తగిలి కూడా 59, 57 కొట్టాడు. మ్యాచ్ డ్రా.

స్థలం సైన్యానిది. సైన్యం ఉండే ఫోర్ట్ విలియం కోట పక్కనే కాబట్టి క్రికెట్ సంఘం లీజుపై వాడుకుంటోంది. గ్యాలరీని బయటికి జరిపి పెంచుదామనుకున్నా, కొత్త దారి తీద్దామనుకున్నా ముందు సైన్యం అనుమతి కావాలి. ఊరి బయట ఖాళీ పొలంలో లేచిన స్టేడియాలకు ఈ ఇబ్బంది ఉండదు.

*ప్రశ్న: మా విజ్జీకి, ఈడెన్‌కు ఏమైనా సంబంధం ఉందా? ఆయన అక్కడ ఆడారా?*
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బొబ్బిలి

టెస్టు మాత్రం ఆడలేదు. విజ్జీ, అంటే విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు, ఆడిన టెస్టులు మూడే, మూడూ 1936లో ఇంగ్లండ్‌లోనే: లార్డ్స్, మాంచెస్టర్, ఓవల్. కెప్టెన్‌గా వెళ్లి మొత్తం 33 పరుగులు చేశారు, సగటు 8.25. మొదటి టెస్టు కూడా మొదలుకాకముందే జట్టులోని లాలా అమర్‌నాథ్‌ను ఓడెక్కించి ఇంటికి పంపింది కూడా ఆ పర్యటనలోనే. బ్యాటుతో ఆయన చేసినది చెప్పుకోదగ్గది కాదు, సొంతవాళ్లమని దాన్ని దాచనక్కర్లేదు.

కానీ ఈడెన్ మొదటి టెస్టు ఆడిన జార్డిన్ జట్టుతో ఆయనకు ఒక లెక్క ఉంది. ఆ 1933–34 పర్యటన మొత్తంలో ఆ జట్టు ఓడింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ బెనారస్‌లో విజ్జీ జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. అంతకు ముందు 1930–31లో ఇంగ్లండ్ బ్యాటర్లు జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్‌లను మనదేశానికి రప్పించి తన జట్టులో ఆడించిందీ ఆయనే. తర్వాత 1954 నుంచి 1957 దాకా బీసీసీఐ అధ్యక్షుడిగా ఉన్నారు. ఆటగాడిగా కన్నా ఆటకు డబ్బు, పలుకుబడి తెచ్చినవాడిగా ఆయన్ను అంచనా వేస్తే న్యాయంగా ఉంటుంది. విజయనగరంలో విజ్జీ స్టేడియం సరే, విశాఖ స్టేడియంలో ఒక ఎండ్‌కు ఉన్న పేరు 'విజ్జీ ఎండ్'.

*ప్రశ్న: 1996 సెమీఫైనల్లో నిజంగా లక్షా పదివేల మంది ఉన్నారా? 1999లో ఖాళీ స్టేడియంలో ఎందుకు ఆడించారు?*
– ఒక పాఠకుడు, పలాస

1996 మార్చి 13న భారత్–శ్రీలంక ప్రపంచకప్ సెమీఫైనల్ హాజరు మీద చెలామణిలో ఉన్న అంకె అదే, అంచనాగానే తీసుకోండి. బల్లల గ్యాలరీలో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టడానికి వీలుండదు. పైన వరుసకు 71 మంది అనుకున్నచోట 80 మంది ఇరుక్కోవచ్చు. పాసు పట్టుకుని వచ్చినవాళ్లు మెట్ల మీద నిలబడతారు. ఆ అంకెలో ఒకటి రెండు వేలు అటో ఇటో అని వాదించుకోవడం దండగ.

మ్యాచ్ సంగతి: శ్రీలంక 251/8. మనవాళ్లు ఒక వికెట్‌కు 98 దాకా బాగానే వెళ్లారు. సచిన్ 65 వద్ద స్టంపవుట్ అయ్యాక పిచ్ విరిగి బంతి అడ్డదిడ్డంగా తిరిగింది, 34.1 ఓవర్లకు 120/8. సీసాలు పడ్డాయి, గ్యాలరీలో మంటలు లేచాయి. రిఫరీ క్లైవ్ లాయిడ్ జట్లను లోపలికి పిలిచి, కొంచెం ఆగి మళ్లీ పంపి చూశాడు. లాభం లేక మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు.

1999 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌తో ఆసియా టెస్టు చాంపియన్‌షిప్ మ్యాచ్. నాలుగోరోజు పరుగు తీస్తూ సచిన్ షోయబ్ అఖ్తర్‌కు తగిలాడు, అదే క్షణంలో బౌండరీ దగ్గర నుంచి వచ్చిన త్రో వికెట్లను కొట్టింది. రనౌట్. గ్యాలరీ అగ్గి అయింది. సచినే స్వయంగా అప్పటి అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) అధ్యక్షుడు జగ్‌మోహన్ దాల్మియాతో కలిసి మైదానం చుట్టూ తిరిగి శాంతించమన్నాడు. చివరిరోజు మళ్లీ గొడవ రావడంతో పోలీసులు ప్రేక్షకులందరినీ బయటికి పంపారు. మిగిలిన వికెట్ ఖాళీ కుర్చీల ముందు పడింది, పాకిస్తాన్ 46 పరుగులతో గెలిచింది.

విచిత్రం ఏమిటంటే హాజరు రికార్డు కూడా ఆ మ్యాచ్‌దే. ఐదు రోజులకు కలిపి సుమారు 4,65,000. అంటే రోజుకు సగటున 93 వేలు. అంతకు ముందు రికార్డు 1937 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ ఆడిన యాషెస్ టెస్టుది, 3,50,534. చివరి అంకెలు చూడండి. మెల్‌బోర్న్ వాళ్లు మనుషుల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు, కలకత్తా వాళ్లు వేలల్లో చెప్పారు. సున్నాలతో ముగిసే హాజరు ఎప్పుడూ అంచనాయే.

2001లో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, వాళ్లిద్దరి 376 పరుగుల భాగస్వామ్యం, ఫాలోఆన్ ఆడి 171 పరుగుల గెలుపు గురించి ఆరుగురు రాశారు. అది చూసినవాళ్ల కన్నా చూశామని చెప్పుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి హాజరు జోలికి పోవడం లేదు.

*ప్రశ్న: తొక్కిసలాటలు ఎందుకు జరుగుతాయి? సీట్లున్నంత వరకే టికెట్లు అమ్మితే సరిపోదా?*
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

సరిపోదు. మీరన్న తప్పు కూడా ఈడెన్‌లో జరిగింది, ముందు అది చెబుతాం. 1967 జనవరి 1, వెస్టిండీస్ టెస్టు రెండోరోజు. సీట్లకు మించి జనం లోపలికి వచ్చి బౌండరీ గడ్డి మీద కూర్చున్నారు. పోలీసులు లాఠీలు ఎత్తారు, జనం గ్యాలరీలు తగలబెట్టారు. ఆరోజు ఒక్క బంతి పడలేదు.

మిగతా రెండు విషాదాలకు సీట్ల లెక్కతో పని లేదు. 1969 డిసెంబరులో ఆస్ట్రేలియా టెస్టుకు ఆరోజు టికెట్ల కోసం తెల్లవారుజామునే క్యూ కట్టినవాళ్లలో తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. వాళ్లింకా గేటు లోపలికే రాలేదు. 1980 ఆగస్టు 16న ఇదే మైదానంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ మ్యాచ్. గ్యాలరీలో కొట్లాట మొదలై, తప్పించుకోబోయిన జనం ఒకరి మీద ఒకరు పడి 16 మంది చనిపోయారు. నిన్నగాక మొన్న, 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయింది కూడా గేట్ల బయటే.

కాబట్టి స్టేడియం భద్రత తెలియాలంటే సీట్ల సంఖ్య కన్నా గేట్ల వెడల్పు అడగాలి. ఇంజినీర్లు వాడే మోటు లెక్క ఇది: చదునైన దారిలో ఒక మీటరు వెడల్పు గుండా నిమిషానికి 82 మంది, మెట్ల మీదైతే 66 మంది దాటగలరు. గ్యాలరీ ఎనిమిది నిమిషాల్లో ఖాళీ కావాలి. మెట్ల లెక్కన మీటరుకు 66 చొప్పున ఎనిమిది నిమిషాలకు 528 మంది. 68 వేలను 528తో భాగిస్తే దాదాపు 129 మీటర్లు. అంటే మూడు మీటర్ల మెట్లదారులు 43 కావాలి, అన్నీ తెరిచి ఉండాలి. 'టికెట్ లేనివాళ్లు దూరుతున్నారు' అని ఎవరో సగం తాళాలు వేస్తే సమయం రెట్టింపు కావడం ఒక్కటే కాదు, తెరిచి ఉన్నవాటి ముందు ఒత్తిడి పేరుకుంటుంది. చదరపు మీటరుకు నలుగురు నిలబడితే కదలొచ్చు. ఐదు దాటితే జాగ్రత్తపడాలి. ఆరేడుకు చేరితే మనిషి తన కాళ్ల మీద తాను నడవలేడు, గుంపు ఎటు తోస్తే అటు పోతాడు. చాలామంది కాళ్ల కింద పడి నలిగి చనిపోతారనుకుంటారు. నిలబడ్డచోటే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక పోయేవాళ్లే ఎక్కువ.

లోపలికి వెళ్లడం బయటికి రావడం కన్నా నెమ్మది. తిరుగుడు గేటు గంటకు 660 మందిని మించి పంపలేదని లెక్క. మనదగ్గర ఒళ్లంతా తడిమి చూస్తారు. మనిషికి పది సెకన్లు పట్టినా గంటకు 360 మందే. 68 వేల మంది రెండు గంటల్లో లోపలికి పోవాలంటే దాదాపు 95 తనిఖీ వరుసలు ఉండాలి. అన్ని ఉండవు. టాస్ వేళకు గ్యాలరీ సగం ఖాళీగా, రోడ్డు నిండా జనంగా కనిపించడానికి కారణం ఇదే. ముందు వరుసవాళ్లకు గేటు మూసినట్టు తెలుస్తుంది, వెనక ఉన్నవాళ్లకు తెలియదు, లోపల కేరింత వినిపించగానే తోస్తారు. వెనకవాళ్లకు వినిపించేలా మైకు ఉండటం లాఠీ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

*ప్రశ్న: అహ్మదాబాద్, మెల్‌బోర్న్, విశాఖ: వీటితో పోలిస్తే ఈడెన్ ఎక్కడ?*
– ఒక పాఠకుడు, టెక్కలి

అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియం 1,32,000. మెల్‌బోర్న్ 1,00,024. ఈడెన్ 68 వేలు, మనదేశపు క్రికెట్ స్టేడియాల్లో రెండోది. విశాఖ పి.ఎం. పాలెం స్టేడియం 27 వేల పైచిలుకు. అక్కడ 2005 ఏప్రిల్ 5న మొదటి వన్డే, ధోనీ 148.

అహ్మదాబాద్‌లో కూడా సీట్లకూ హాజరుకూ తేడా చూడండి. 2022 ఐపీఎల్ ఫైనల్‌కు 1,01,566, 2023 ప్రపంచకప్ ఫైనల్‌కు 92,453. నిండుగా కనిపించిన రెండు రోజులూ నిండలేదు.

*ప్రశ్న: ఈడెన్‌లో మ్యాచ్ చూడాలని ఉంది. మా వైపు నుంచి ఎలా వెళ్లాలి? ఏ సీటు తీసుకోవాలి? టెస్టులో వెలుతురు అంత తొందరగా ఎందుకు పోతుంది?*
– ముగ్గురు మిత్రులు, రాజాం

రైలు మీకు తేలికే. హౌరా–చెన్నై ప్రధాన లైను విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాసల మీదుగానే పోతుంది. విజయనగరం నుంచి హౌరా సుమారు 820 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం. రాజాం నుంచి చీపురుపల్లి గానీ, పొందూరు గానీ దగ్గరే అయినా పెద్ద రైళ్లన్నీ అక్కడ ఆగవు, విజయనగరం నుంచే బుక్ చేసుకోండి. టికెట్‌లో దిగే స్టేషన్ చూసుకోవడం మరవకండి. కొన్ని రైళ్లు హౌరాకు కాక షాలిమార్‌కు, సంత్రాగాచికి పోతాయి. మూడూ నదికి అవతలే కానీ, ఫెర్రీ సౌకర్యం స్టేషన్ గుమ్మంలోనే ఉన్నది హౌరాకే.

హౌరాలో దిగి ఎదురుగా ఉన్న రేవులో బాబూఘాట్ లాంచీ ఎక్కండి. దిగాక ఈడెన్‌కు నడిచిపోవచ్చు. మెట్రో అయితే నది కింద నుంచి ఎస్‌ప్లనేడ్ దాకా వస్తుంది, అక్కడి నుంచి పదిహేను, ఇరవై నిమిషాల నడక. మ్యాచ్ రోజున చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు కాబట్టి ట్యాక్సీ మీద ఆశ పెట్టుకోవద్దు. రాత్రి 7:30కు మొదలయ్యే టీ20 పదకొండు దాటాక కానీ తేలదు, ఆ తర్వాత వేల మంది వెనక మీరు నడవాలి. అదే రాత్రి తిరుగు రైలు పెట్టుకున్నవాళ్లు చివరి నాలుగు ఓవర్లు చూడకుండా లేస్తారు. 2016 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో అలా లేచినవాళ్లు వెస్టిండీస్ బ్యాటర్ బ్రాత్‌వైట్ ఆఖరి ఓవర్లో వరుసగా కొట్టిన నాలుగు సిక్సర్లు పోగొట్టుకుని ఉంటారు.

సీటు విషయం. ఆట తెలిసి చూసేవాళ్లు బౌలర్ చేతి వెనక, పై అంతస్తు తీసుకోవాలి: స్వింగ్, స్పిన్, ఫీల్డింగ్ అమరిక కనిపిస్తాయి. పక్క గ్యాలరీలో బంతి వేగం, పరుగుల తీత బాగుంటాయి, ఎల్బీడబ్ల్యూ గురించి మాత్రం నోరు మెదపడానికి ఉండదు. పగటి మ్యాచ్‌కు తూర్పు వైపు గ్యాలరీ తీసుకుంటే మధ్యాహ్నం ఎండ నేరుగా మొహాన పడుతుంది. టికెట్ కొనేముందు మ్యాపులో దిక్కు చూసుకోండి. నాణేలు, నీళ్ల సీసా, అగ్గిపెట్టె, పవర్‌బ్యాంక్, పెద్ద సంచి లోపలికి రానివ్వరు. బయట భద్రపరిచే చోటు ఉంటుందనుకోవద్దు, గదిలోనే వదిలి రండి. టికెట్ మీద ఉన్న గేటు నంబరు దగ్గరికే వెళ్లాలి, పక్క గేటు ఖాళీగా ఉన్నా లోపల దారి కలవదు.

వెలుతురు సంగతికి వస్తే, మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, ఆ గీత మనకు దగ్గరలోనే, కాకినాడ పక్కగా పోతుంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. కోల్‌కతా దాదాపు 88.3 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు గడియారం కన్నా 23 నిమిషాలు ముందు. శ్రీకాకుళంలో ఆ తేడా ఐదారు నిమిషాలే, అహ్మదాబాద్‌లోనైతే 40 నిమిషాలు వెనక. పైగా కోల్‌కతా మనకన్నా ఉత్తరాన ఉంది, శీతకాలపు పగలు అక్కడ ఇంకొంచెం చిన్నది. డిసెంబరులో అయిదుకే పొద్దు గుంకుతుంది, నాలుగున్నరకల్లా అంపైర్లు లైట్ మీటరు తీస్తారు.

*ప్రశ్న: 2011లో భారత్–ఇంగ్లండ్ మ్యాచ్ ఈడెన్ నుంచి ఎందుకు పోయింది?*
– ఒక పాఠకుడు, గజపతినగరం

పని పూర్తికాక. ఐసీసీ తనిఖీ నాటికి పైకప్పులు, సీట్లు సిద్ధంగా లేవు. ఫిబ్రవరి 27 మ్యాచ్ బెంగళూరుకు వెళ్లింది, 338–338తో టై అయింది. ఈడెన్‌కు మిగిలింది మార్చిలో మూడు మ్యాచ్‌లు, మొదటిది దక్షిణాఫ్రికా–ఐర్లాండ్. ఇండియా లేని మ్యాచ్‌లే మూడూ.

*ప్రశ్న: సంక్రాంతికి మావూళ్లో టోర్నమెంటు పెడుతున్నాం. పోయినేడు పదివేల మంది వచ్చారని అందరూ అన్నారు. ఈసారి సరుగుడు కర్రలతో గ్యాలరీ కట్టిద్దామంటున్నారు కుర్రాళ్లు. ఎంతమందికి కట్టొచ్చు? ఏం చూసుకోవాలి?*
– టోర్నమెంటు నిర్వాహకులు, ఆమదాలవలస మండలం

ముందు మీ పదివేలు. అంతర్జాతీయ మ్యాచ్‌కు కనీస బౌండరీ 65 గజాలు. మీరు అంత వృత్తం గీసినా చుట్టుకొలత 373 మీటర్లే. మనిషికి అరమీటరు చొప్పున ఒక వరుసకు సుమారు 750 మంది. మూడు వరుసల జనం ఉంటే 2,250. పదివేలు కావాలంటే 13 వరుసలు దాటాలి, వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఫొటోలుంటే తీసి వరుసలు లెక్కపెట్టుకోండి. ఈసారి ఏర్పాట్లు ఆ అంకెకు చేయండి.

గ్యాలరీ అయిదు మెట్లకు మించకండి, పై మెట్టు అయిదడుగుల ఎత్తు దాటకూడదు. మూడు మీటర్ల మెట్టు మీద ఏడుగురు కూర్చుంటారు, మనిషికి 65 కిలోల చొప్పున 455 కిలోలు. సిక్స్ పడగానే ఏడుగురూ ఒక్కసారి ఎగిరి కూర్చుంటే ఆ బరువు దెబ్బలా పడుతుంది, రెట్టింపు అనుకునే కట్టాలి. జనం ఉండే గ్యాలరీకి చదరపు మీటరుకు 500 కిలోలు మోసే లెక్క ఇంజినీర్లు వేస్తారు.

ఇవి కూలేది చాలాసార్లు బరువుకు విరిగి కాదు, పక్కకు ఒరిగి. నిలువు కర్రలు, అడ్డ కర్రలు మాత్రమే కట్టి వదిలేస్తారు. జనం అంతా ఒకవైపుకు ఊగగానే చట్రం చతురస్రం నుంచి వాలిపోతుంది. రెండు నిలువుల మధ్య ఏటవాలుగా ఇంటూ గుర్తులా కర్రలు కట్టాలి, ముందూ వెనకే కాకుండా పక్కల్లో కూడా. కొబ్బరితాడు మంచుకు తడిసి పగలు ఎండాక వదులవుతుంది. ముడులకు ఇనుప తీగ వాడండి, రోజూ పొద్దున్నే బిగింపు చూడండి. కోతలైన వరిమడిలో కడుతుంటే కాళ్లు దిగుతాయి. ఒక్కో కాలు కింద అడుగు చదరం, రెండంగుళాల మందం పలక వేయండి. ఒక కాలు రెండంగుళాలు దిగినా పక్క కాలి మీద బరువు పడుతుంది.

వెనకవైపు దాతల ఫ్లెక్సీ కట్టనివ్వకండి. గాలికి అది తెరచాప అవుతుంది, లాగేది గ్యాలరీని. ఫ్లెక్సీకి వేరే గుంజలు పాతండి. గ్యాలరీ కిందికి పిల్లలు దూరకుండా చుట్టూ వల కట్టండి. నీడ కోసం మొదట చేరేది అక్కడికే.

ప్రేక్షకుల్ని ఎక్కించే ముందురోజు పరీక్ష చేయండి. ఒక్కో మనిషి చోట 50 కిలోల ఇసుక బస్తాలు రెండేసి పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున కాళ్లు దిగాయేమో, పలకలు వంగాయేమో కొలవండి. బస్తాలు మొయ్యడానికి కుర్రాళ్లు రాకపోతే గ్యాలరీ ఆలోచన మానేసి, మైదానం చుట్టూ రెండడుగుల మట్టిగట్టు పోయించండి. ట్రాక్టరు అద్దె తప్ప ఖర్చుండదు, రెండు వరుసలు అదనంగా కనిపిస్తాయి, కూలేదేమీ ఉండదు. గట్టుకు, బౌండరీ తాడుకు మధ్య మూడు గజాలు ఖాళీ వదలండి, ఫీల్డర్ జారుకుంటూ వచ్చేది ఆ జాగాలోకే.